ఒంగోలు తలుపు

శ్రీకృష్ణ కారు తాళంచెవితో తలుపు మీద మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి విన్నాడు. చీమకుర్తిలో అతనికి గ్రానైటు కోసే యూనిట్ ఉంది. అక్కడ పలకని అలా కొట్టి వింటే లోపల పగులుందో లేదో తెలిసిపోతుందట. తలుపులో పగులేమీ వినిపించినట్టు లేదు. అయినా మొహం అదోలా పెట్టాడు.

"అన్నయ్యా, ఇది టేకని నీకెవరు చెప్పారు?"

అంకమ్మరావు అప్పటిదాకా ఆ సింహద్వారం పక్కన ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మేస్త్రి చెప్పాడు. కలప అడితి వాళ్ళు చెప్పారు. ఏం?"

"ఏం లేదులే. చేయించేశావుగా."

గుంటూరు మిరప యార్డులో ఇరవై ఏళ్ళుగా కమిషన్ కొట్టు నడుపుతున్న అంకమ్మరావుకి "ఏం లేదులే" కంటే ఘాటైన మాట లేదు. ఆ సంగతి తోడల్లుడు శ్రీకృష్ణకి బాగా తెలుసు. ఒంగోలు నుంచి పొద్దున్నే కారేసుకుని వచ్చింది, పూర్తి కావస్తున్న ఇంటిని చూసి సంతోషించడానికి కాదు.

జ్యోతిర్మయి టీ గ్లాసుల పళ్ళెంతో హాల్లో ఆగిపోయింది. తన చెల్లెలి మొగుడు ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు నేల తడుముతాడు, తర్వాత గోడ తడతాడు, చివరికి ఇంటాయన మొహం చూస్తాడు. ఆ మొహం వాడిపోయాక టీ తాగుతాడు. ఈసారి టీ చల్లారకముందే ఆ పని అయిపోయేట్టుంది.

"మా తలుపు చూశావుగా," అన్నాడు శ్రీకృష్ణ. "గీతలెలా ఉంటాయి? కొండలు కొండలుగా, మంట లేచినట్టు. మధ్యమధ్యలో కళ్ళు. ఇదేంటి, రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది? రంగు కూడా పాలిపోయినట్టుంది."

కింద కూర్చుని రెండో రెక్కని ఎమరీ కాగితంతో రుద్దుతున్న సిలార్ మేస్త్రి చేతిలో పని ఆపాడు. యాభై దాటిన మనిషి. కనుబొమల మీద చెక్కపొడి పడి, ఇంకో పదేళ్ళు ఎక్కువున్నట్టు కనిపిస్తాడు.

"అది నిలువు కోతండి," అన్నాడు. "దుంగని నాలుగు చీలికలు చేసి, చేవలోంచి తీయించిన పలకలు. అట్టా కోస్తే గీత తిన్నగానే వస్తది. ఎండా వానా ఎన్ని పడ్డా తలుపు వంగదు. కొండలూ మంటలూ కావాలంటే అడ్డంగా బల్ల కోత కోయించొచ్చు. చూపుకి బాగుంటది గానీ, సింహద్వారానికి నేను పెట్టనండి."

"చూశావా, సమాధానం రెడీగా ఉంది," అన్నాడు శ్రీకృష్ణ. అన్నది మేస్త్రితో కాదు.

అంకమ్మరావు వంగి, నేల మీది చెక్కపొడి చిటికెడు తీసుకుని అరచేతిలో నలిపాడు. గుమ్మం బయటికి వెళ్ళి ఎండలో పెట్టి చూశాడు. గుప్పెడు కాయ చేతిలో పోస్తే ఏ ఊరి చేలోదో, ఎన్ని కోతలు దాటిందో చెబుతానని ఆయనకి నమ్మకం. కర్ర విషయంలో ఆ నమ్మకం పనికిరాకపోవచ్చన్న అనుమానం ఆయనకి ఎవరూ పెట్టలేదు.

"రంగు లేదు," అన్నాడు తిరిగొచ్చి. "కాయైనా కర్రైనా ముందు రంగు. రంగు లేనిది తాలు."

యార్డులో తెల్లబోయిన కాయని తాలు అని పక్కకి ఏరేస్తారు. ఆ మాట వినగానే సిలార్ లేచి నిలబడ్డాడు.

జ్యోతిర్మయి పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టి, కింద ఉంగరాలు ఉంగరాలుగా పడి ఉన్న చిత్రిక పొట్టు కాస్త తీసి మొగుడి ముక్కు దగ్గర పెట్టింది. యార్డు సీజన్లో ఆయనకి తీరిక లేకపోతే, మేస్త్రితో అడితికి వెళ్ళి దుంగ ఎంచి, కోత మిల్లు దగ్గర పూటంతా నిలబడ్డది ఆమే.

"వాసన చూడండి. కొత్త తోలు చెప్పుల వాసన రావడం లేదూ? టేకుకి తప్ప రాదది."

అంకమ్మరావు గట్టిగా పీల్చాడు. ఆ ముక్కు ఇరవై ఏళ్ళ మిరపఘాటుకి ఎప్పుడో చచ్చిపోయింది. మాడిన పప్పూ ఆయనకి పప్పే. ఆ ఒక్క లోపం పుణ్యాన జ్యోతిర్మయి కాపురంలో చాలా మాటలు పడకుండా బయటపడింది. ఇవాళ అదే అడ్డొచ్చింది.

"ఏ వాసనా లేదు," అన్నాడాయన.

"వదినగారు డిగ్రీ చదివారుగా, పుస్తకంలో ఉండుంటుంది," అని శ్రీకృష్ణ టీ గ్లాసు అందుకున్నాడు.

మర్నాడు పదింటికి అంకమ్మరావు కోటేష్‌ని వెంటబెట్టుకొచ్చాడు. కోటేష్ అపార్టుమెంట్లు కడతాడు. విద్యానగర్లో లేస్తున్న పన్నెండు ఫ్లాట్ల చెక్కపని సిలార్‌కే ఇస్తానని మాటిచ్చాడు. వారం కిందట ఇదే తలుపుని చేత్తో నిమిరి, "మేస్త్రీ, నీ చెయ్యి పడితే అంతే" అన్నాడు కూడా. ఇవాళ అదే చెయ్యి తలుపు మీద పెట్టి, అంకమ్మరావు మొహం చూసి, వేడి పెనం తగిలినట్టు తీసేశాడు.

"రావుగారన్నారంటే ఏదో ఉండే ఉంటుంది," అన్నాడు.

"ఏముందో మీరు చూసి చెప్పండి," అన్నాడు సిలార్. "కోసి చూడండి, కొట్టి చూడండి, నీళ్ళలో నానేసి చూడండి. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉలి పట్టుకుంటున్నా. చెక్కలో చెక్క కలిపాడని ఎవరూ అనలేదు."

"పట్టుబడేదాకా ఎవరూ అనరయ్యా," అన్నాడు అంకమ్మరావు. "మా రైతులూ ఇదే పాట. బస్తా పైన మంచి కాయ, అడుగున తాలు. అడిగితే ఒట్లు."

బస్తా పైన మంచి కాయ పోయించే విద్య యార్డులో ఏ కొట్లో పుట్టిందో జ్యోతిర్మయికి తెలుసు. ఆమె పమిటతో కిటికీ గట్టు మీద లేని దుమ్ము తుడిచింది.

అంకమ్మరావు తీర్పు చెప్పాడు. ఈ రెక్కలు పీకెయ్యాలి. ఒంగోల్లో తోడల్లుడి ఇంటికి ఎలాంటి తలుపుందో అచ్చం అలాంటిది గృహప్రవేశం లోపల మేస్త్రి తన సొంత ఖర్చుతో తెచ్చి బిగించాలి. ద్వారబంధం ముహూర్తం పెట్టి, పసుపు రాసి ఎత్తింది కాబట్టి దాన్ని కదపకూడదు. దానికి కూడా ఆ రంగే తెప్పించాలి. ఇందులో ఏది జరగకపోయినా గుంటూర్లో ఎవరి గుమ్మంలోనూ సిలార్ ఉలి తియ్యడు.

"ఫ్లాట్ల సంగతి తర్వాత చూద్దాంలే మేస్త్రీ," అన్నాడు కోటేష్, చెప్పులు వెతుక్కుంటూ.

సిలార్ చెవి వెనకున్న పెన్సిలు తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

"మరి పీకిన రెక్కలేం చెయ్యమంటారు?" అని అడిగింది జ్యోతిర్మయి, కూరేం చెయ్యమంటారు అన్నట్టు.

"పట్టుకుపొమ్మను. పొయ్యిలో పెట్టుకోమను. ఆ తాలు సరుకు నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

"తర్వాత మనసు మారి అడగరు కదా?"

"నేనా?" అంకమ్మరావు కోటేష్ వైపు తిరిగాడు. "నేనడుగుతానటయ్యా?"

"అబ్బే, మీరెందుకడుగుతారు," అన్నాడు కోటేష్.

"ఆ దేవుడి గది తలుపు కూడా ఇదే దుంగలోదండి," అంది ఆమె.

"అదీ పీకెయ్యమను."

సిలార్ ఆమె వైపు చూశాడు. నువ్వు కూడానా అన్నట్టుంది ఆ చూపు. ఆమె అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మరమేకు ఒక్కొక్కటే తిప్పి, బందులు చెడకుండా విప్పి, రెక్కలు రిక్షా మీదికి చేర్చేసరికి మధ్యాహ్నం రెండయింది. వీధిలో నలుగురూ చూస్తున్నారు. ఎదురింటాయన "ఏంటండీ, తలుపులు వెళ్ళిపోతున్నాయి?" అంటే, అంకమ్మరావు మెట్ల మీద నిలబడి వీధి చివరిదాకా వినపడేట్టు చెప్పాడు ఎలా పట్టుకున్నాడో. సిలార్ తన పాత దుప్పటి రెక్కల మీద కప్పాడు. ఎండకో, చూపులకో. రిక్షావాడు ముందు లాగుతుంటే తను వెనక చెయ్యి ఆనించి నల్లపాడులో తన ఇంటిదాకా నడిచాడు.

నాలుగో రోజు పొద్దున సిలార్ పెరటి వైపు నుంచి వచ్చాడు. పక్కన ఒక బక్కపల్చటి మనిషి. పది వేళ్ళ గోళ్ళకీ పది రకాల గోధుమరంగు. సిమెంటు తొట్టి దగ్గర గచ్చు తడుపుతున్న జ్యోతిర్మయి పైపు కింద పడేసింది.

"వీడు పీరు అమ్మా. రంగులేస్తాడు. నిన్న ఒంగోలు వెళ్ళొచ్చా, ఆ తలుపు ఎట్టా ఉందో చూద్దామని. మీ చెల్లెలుగారు మంచినీళ్ళిచ్చారు. తలుపు చూశా. చూసి, వీణ్ణి వెతుక్కున్నా." సిలార్ గొంతు తగ్గించాడు. "నువ్వే చెప్పరా."

పీరు తొట్టి అంచు మీద కూర్చున్నాడు. "ఆ గీతలు నావేనమ్మా. చెక్క మలేషియా సాలు, టేకు ధరలో మూడో వంతు కూడా ఉండదు. కట్టించిన కాంట్రాక్టరు తెప్పించాడు. మూడు రోజులు గీశా. కళ్ళు ఎనిమిది పెట్టా, ఒకటి కాస్త మెల్లకన్నయింది."

"శ్రీకృష్ణకి తెలుసా?"

"ఆయన వార్నీషు వేసే రోజు వచ్చారు. ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చుని, ఇంకో కోటు కొట్టు, ఇంకో కోటు కొట్టు అన్నారు. దాని కిందేముందో అడగలేదు."

జ్యోతిర్మయికి నవ్వు వచ్చింది. చేతులు తుడుచుకునే మిషతో అటు తిరిగింది. ఇటు తిరిగేసరికి సిలార్ మొహంలో నవ్వేమీ లేదు.

"ఇప్పుడే యార్డుకి వెళ్ళి అయ్యగారికి చెప్తానమ్మా. సాక్షి ఉన్నాడుగా."

"నేను సాక్ష్యం రాను మేస్త్రీ," అన్నాడు పీరు. "ఒంగోల్లో నావింకా ఏడు తలుపులున్నాయి."

"మీరు చెప్పారే అనుకోండి," అంది జ్యోతిర్మయి. "ఆయన ఒంగోలుకి ఫోన్ చేస్తారు. ఆ మేస్త్రి మాట పట్టుకుని నా తలుపుని అంటావా అంటాడు ఈయన తోడల్లుడు. సాయంత్రానికి మీరు రెండిళ్ళని మోసం చేసినవాళ్ళవుతారు. అంతకంటే ఏం జరుగుతుంది?"

"నాకు ఆ తలుపొద్దమ్మా. మాట కావాలి. సిలార్ దొంగ కాదు అని ఒక్క మాట. వీధిలో అందరూ వినేట్టు అన్నాడు కదా, అందరూ వినేట్టు వెనక్కి తీసుకోవాలి."

"ఆ మాట ఆయన దగ్గర లేదు మేస్త్రి గారూ. ఇరవై రెండేళ్ళ నుంచి చూస్తున్నాను, ఎప్పుడూ లేదు. ఆయన దగ్గరున్నది తలుపు. అది ఇచ్చేశారు. కోటేష్ ముందు ఇచ్చారు."

సిలార్ బొటనవేలి గోరుతో ఉలి పట్టి అరచేతిలో కాసిన కాయని గీరుకున్నాడు. పైపులోంచి నీళ్ళు అతని కాళ్ళ మధ్యగా పారుతున్నాయి. అతను కాళ్ళు తియ్యలేదు.

"మళ్ళీ అంత టేకు నేను ఎక్కణ్ణించి తేను?" అన్నాడు చివరికి.

"టేకెవరు అడిగారు? ఒంగోలు తలుపు లాంటిది కావాలన్నారు. ఒంగోలు తలుపు దేంతో చేశారు?"

పీరు పెద్దగా నవ్వాడు. సిలార్ వాడి వీపు మీద ఒక్కటి వేశాడు. కోపంగానే వేశాడు గానీ, అంత గట్టిగా వెయ్యలేదు.

కొత్త రెక్కలు, దేవుడి గదికి ఇంకో తలుపు వారంలో వచ్చాయి. సాలు చెక్క ఇటికరాయి రంగులో ఉంది. దాని మొహాన లప్పం పెట్టి రుద్దించి, పసుపుపచ్చగా ఒక పూత వేసి ఆరబెట్టాడు పీరు. తర్వాత కిరసనాయిల్లో కలిపిన గోధుమరంగు పల్చగా పులిమి, అది ఆరేలోగా తన పనిముట్టు తీశాడు. అది సైకిలు టైరు ముక్క. అంచున బ్లేడుతో పళ్ళు కోసుకున్నాడు. పైనుంచి కిందికి లాగుతూ మణికట్టు కొంచెం తిప్పితే కొండ లేస్తుంది. గుడ్డ చుట్టిన బొటనవేలు ఆనించి తిప్పితే కన్ను పడుతుంది. జ్యోతిర్మయి స్టూలేసుకుని అదంతా చూసింది. వంటకి ఆలస్యమైనా లేవలేదు.

ద్వారబంధం దగ్గరికొచ్చేసరికి పీరు చెయ్యి ఆగింది.

"టేకు మీద టేకు వెయ్యడం ఇదే మొదటిసారమ్మా," అన్నాడు. "లప్పం పెట్టాలంటే చెయ్యి రావడంలేదు."

సిలార్ అక్కడ లేడు. వీధిలో ఇసకకుప్ప మీద ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ ద్వారబంధాన్ని చిత్రిక పట్టి, మూలమూలకీ మట్టం పెట్టి, వేలి కొసతో తడిమి చూసుకుంది అతనే. పీరు లోపల్నుంచి "మేస్త్రీ, వెయ్యమంటావా?" అని కేకేశాడు. సిలార్ తిరగకుండానే చెయ్యి ఊపాడు. వెయ్యమనో, నన్నడగొద్దనో. పీరు వేశాడు.

యార్డు పనితో రెండు మూడు రోజులుగా ఇటు రాని అంకమ్మరావు సాయంత్రం వచ్చి, స్కూటరు ఇంజను ఆపకుండానే చూశాడు. తర్వాత ఆపాడు. తలుపు మీద అరచెయ్యి ఆనించబోయి, వార్నీషు పచ్చిగా ఉందంటే, గాల్లోనే నిమిరాడు.

"ఇదీ టేకంటే. రంగు చూశావా?"

"చూశాను," అంది జ్యోతిర్మయి.

"చదువుకున్నదానివి, నువ్వు కూడా ఆ తాలు చూసి మోసపోయావు."

"అవునండి."

మర్నాడు కోటేష్‌కి కబురెళ్ళింది. అతనొచ్చి ఈసారి చెయ్యి ఎక్కడ పెట్టాలో ముందే తెలుసుకుని మరీ మెచ్చుకున్నాడు. ఎదురింటాయన కూడా మెట్ల దాకా వచ్చాడు. అంకమ్మరావు అందరి ముందు సిలార్‌ని పిలిచాడు.

"ఇప్పుడు చెప్పు. ముందు తెచ్చింది మోసమా, కాదా?"

సిలార్ తల వంచుకుని ఉన్నాడు. జ్యోతిర్మయి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆ మనిషి ఇప్పుడు నిజం చెబితే తను చెయ్యగలిగింది ఏమీ లేదు.

"అంత చెక్క ఈ ఇంటికి తగదండి," అన్నాడు సిలార్. "నేనే పొరపాటు పడ్డా."

"అదీ." అంకమ్మరావు అతని భుజం తట్టాడు. "తప్పు ఒప్పుకున్నవాణ్ణి నేను వదులుకోను. కోటేషూ, ఊళ్ళో ఇంతమంది మేస్త్రులున్నారు, ఎవడైనా సొంత ఖర్చుతో మార్చిచ్చాడా? ఇలాంటి నిజాయితీపరుడు నీకు దొరకడు."

"పన్నెండు ఫ్లాట్లకీ ఇతనే అండి," అన్నాడు కోటేష్. "చెక్క కూడా అచ్చం ఇదే."

గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు తలుపు దగ్గర ఆగకుండా ఒక్కరూ లోపలికి పోలేదు. ఆగకపోతే అంకమ్మరావు ఆపాడు. శ్రీకృష్ణ తాళంచెవితో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి, ఈసారి కళ్ళు కూడా మూసుకున్నాడు.

"ఇప్పుడు పలుకుతోంది టేకు," అన్నాడు.

జ్యోతిర్మయి అతనికి రెండు గారెలు ఎక్కువ వడ్డించింది.

తర్వాతి గురువారం, వంటింటి అలమర గడియ పడటంలేదన్న వంకతో ఆటో ఎక్కి నల్లపాడు వెళ్ళింది. సిలార్ ఇల్లు అడగనక్కర్లేకపోయింది. రేకుల కప్పు, సున్నం ఊడిన గోడలు, వాటి మధ్య ఆ తలుపు. నూనె మాత్రం రాశాడు. తిన్నటి గీతల మీద పొద్దుటి ఎండ పడి, పెట్టెలోంచి తీసిన పట్టుచీరలా ఉంది.

సిలార్ భార్య రహిమున్నీసా ఎదురొచ్చి, "రండమ్మా. తలుపు చూడ్డానికొచ్చారా? వీధంతా ఒకసారి చూసిపోయారు," అంది. "తాళం వెయ్యాలంటే నాకే సిగ్గుగా ఉంది. దొంగ లోపలికొచ్చి ఏం చేస్తాడు? తలుపే ఎత్తుకుపోతాడు."

"దేవుడి గది తలుపో?"

"వంటింటికి పెట్టాడు. గంటలకని పెట్టిన బెజ్జాల్లో గరిటెలు తగిలించుకుంటున్నా. ఆయన పెరట్లో ఉన్నాడు వెళ్ళండి. మనిషి బడికెళ్తున్నాడు ఈ వయసులో."

పెరట్లో రేగుచెట్టు కింద సిలార్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు పచ్చపూత వేసిన సాలు పలక, చేతిలో సైకిలు టైరు ముక్క. పక్కన పీరు బీడీ కాలుస్తూ పంతులు గారిలా చూస్తున్నాడు. ఆమెని చూసి ఇద్దరూ లేవబోతే వద్దంది.

"పన్నెండు ఫ్లాట్లమ్మా," అన్నాడు సిలార్, తప్పు చేస్తూ దొరికిపోయినట్టు. "వీడొక్కడివల్ల కాదు. ఇప్పుడు ఊళ్ళో నన్ను నిజాయితీపరుడంటున్నారు. యార్డు నుంచి ఇంకో ముగ్గురు కబురు పెట్టారు, రావుగారి తలుపు లాంటిదే కావాలని."

పలక మీద అయిదారు వరసలు గీసి ఉన్నాయి. అన్నీ తిన్నగా, దగ్గర దగ్గరగా, మేలిరకం నిలువు కోతలా.

"చూడండమ్మా ఖర్మ," అన్నాడు పీరు. "పొద్దుట్నించీ ఇదే. అబద్ధానికి చెయ్యి తిరగడంలేదు మేస్త్రికి. ఇట్టా గీస్తే ఇది టేకని ఎవరు నమ్ముతారు?"

సిలార్ గుడ్డతో పలక తుడిచేసి మళ్ళీ రంగు పులిమాడు. మళ్ళీ లాగాడు. మళ్ళీ తిన్నగానే వచ్చింది.

"నోరు కూడా తిరగాలి," అన్నాడు పీరు. "ఫ్లాటు చూడ్డానికొచ్చినవాడు ముందు నిన్నే అడుగుతాడు. చెప్పు మేస్త్రీ, ఇదేం చెక్క?"

"సాలు," అన్నాడు సిలార్.

పీరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

జ్యోతిర్మయి చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని పీట మీద కూర్చుంది. సిలార్ చేతిలోని రబ్బరు ముక్క అందుకుంది. పైనుంచి కిందికి లాగుతూ మణికట్టు తిప్పింది. కొండ లేచింది. దాని పక్కన ఇంకోటి, వెనక ఇంకా పెద్దది. గుడ్డ వేలికి చుట్టుకుని ఒక కన్ను పెట్టింది. మెల్లకన్ను కాదు.

పీరు బీడీ పారేసి దగ్గరికి జరిగాడు. "ఎక్కడ నేర్చారమ్మా?"

"ఇంట్లోనే," అంది ఆమె, వేలు తుడుచుకుంటూ.

పీరు పలకని రెండు చేతుల్తో ఎత్తి మేస్త్రి ముందు నిలబెట్టాడు. "ఇప్పుడు చెప్పు. ఇదేం చెక్క?"

సిలార్ దాన్ని చాలాసేపు చూశాడు. ఒక చెయ్యి దాని అంచు దాకా వెళ్ళింది గానీ తాకలేదు.

"టేకండి," అన్నాడు, ఆమె మొహం వైపు చూడకుండా.